ఫెర్గూసన్ పోలీసు సేవలు: చీఫ్ థామస్ జాక్సన్ హయాంపై సమీక్ష

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరం పక్కనున్న చిన్న ఊరు ఫెర్గూసన్. 2014 ప్రాంతంలో జనాభా సుమారు 21 వేలు, పోలీసులు 54 మంది. మన దగ్గర సీఐని వేసేది, బదిలీ చేసేది రాష్ట్ర పోలీసు శాఖ. అక్కడ పోలీసు చీఫ్ ఊరి మున్సిపాలిటీ ఉద్యోగి, ఊరి పరిపాలన చూసే సిటీ మేనేజర్ కింద పనిచేస్తాడు. జీతం కూడా ఊరి బడ్జెట్ లోంచే వస్తుంది. థామస్ జాక్సన్ హయాం అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

సెయింట్ లూయిస్ కౌంటీ పోలీసులో 30 ఏళ్లకు పైగా పనిచేసి, 2010లో ఆయన ఫెర్గూసన్ చీఫ్‌గా వచ్చాడు. 2014 ఆగస్టు 9న మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల కుర్రాడు పోలీసు అధికారి డారెన్ విల్సన్ కాల్పుల్లో చనిపోవడంతో ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. కానీ చీఫ్ పనితనాన్ని కొలవాల్సింది ఆ ఒక్క రోజుతో కాదు. మామూలు రోజున ఆ స్టేషన్ గడప తొక్కినవాడికి ఏం జరిగేదో చూడాలి. దానికి అమెరికా న్యాయశాఖ 2015 మార్చి 4న ఇచ్చిన నివేదికను మించిన ఆధారం లేదు. ఈ సమీక్షలోని అంకెల్లో ఎక్కువ భాగం అందులోవే.

మొదట రోడ్డు మీద సేవ. ఊళ్లో నల్లజాతివారు అప్పట్లో 67 శాతం. 2012 నుంచి 2014 వరకు ఆపిన వాహనదారుల్లో వాళ్లు 85 శాతం, చలాన్లు అందుకున్నవారిలో 90 శాతం, అరెస్టయినవారిలో 93 శాతం. నేరాలు పట్టుకోవడానికే ఆపారనుకుందామా అంటే, సోదాల లెక్క అందుకు ఒప్పుకోదు. వాహనం ఆపాక నల్లజాతివారిని సోదా చేసే అవకాశం తెల్లవారికంటే రెట్టింపు, నిషిద్ధ వస్తువులు దొరికింది మాత్రం 26 శాతం తక్కువ. పోలీసుకు పనితనంగానైనా ఇది పాస్ మార్కు వచ్చే లెక్క కాదు.

ఒక ఉదాహరణ చాలు. 2012 వేసవిలో 32 ఏళ్ల నల్లజాతి వ్యక్తి పార్కులో బాస్కెట్‌బాల్ ఆడి, నిలిపి ఉన్న తన కారులో కూర్చుని చెమట ఆర్చుకుంటున్నాడు. పోలీసు వచ్చి, ఏ ఆధారమూ లేకుండా పిల్లల మీద కన్నేసినవాడని నింద వేసి, చివరకు ఎనిమిది కేసులు రాశాడు. మైకేల్‌ను మైక్ అన్నట్టు తన పేరు పొట్టిగా చెప్పినందుకు తప్పుడు పేరు చెప్పాడని ఒకటి. కదలని కారులో సీటు బెల్టు పెట్టుకోలేదని ఇంకొకటి. ఆ కేసుల వల్ల అతను ఏళ్ల తరబడి చేసిన ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆపిన ఒక్కసారికే ఇన్ని కేసులు రాయడం అక్కడ అలవాటైన పద్ధతి. కేసుకో జరిమానా కదా.

తరువాత వసూళ్ల కౌంటర్. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఫెర్గూసన్ మున్సిపల్ కోర్టు పోలీసు స్టేషన్ భవనంలోనే ఉండేది. కోర్టు గుమాస్తాలు జవాబు చెప్పుకోవాల్సింది జడ్జికి కాదు, చీఫ్‌కి. అంటే చలాన్ రాసే చేయి, వసూలు చేసే చేయి ఒకే మనిషివి. ఆయన వచ్చిన కొత్తలోనే, 2010 మార్చిలో, ఊరి ఆర్థిక అధికారి ఆయనకు రాశాడు: అమ్మకపు పన్ను తగ్గుతోంది, చలాన్లు బాగా పెరగకపోతే వచ్చే ఏడాది వసూళ్లు పెంచడం కష్టం అని. 2011 ఫిబ్రవరిలో కోర్టు ఆదాయం 1,79,862 డాలర్లు దాటింది. అంతకుముందు నాలుగేళ్లలో ఏ నెలా ఇంత రాలేదని జాక్సన్ సిటీ మేనేజర్‌కు స్వయంగా తెలియజేశాడు, అట్నుంచి మెచ్చుకోలు వచ్చింది. 2010లో జరిమానాలు, ఫీజుల ఆదాయం 13.8 లక్షల డాలర్లు. 2015 బడ్జెట్‌లో అది 30.9 లక్షలు, అంటే ఊరి సాధారణ నిధిలో 23 శాతం. ఏ చీఫ్ అయినా నెలనెలా పైవాడికి ఏ అంకె పంపుతున్నాడో చూస్తే, కింద పోలీసులు దేని వెంట పడతారో తెలిసిపోతుంది. జాక్సన్ పంపింది డాలర్ల లెక్క.

ఈ యంత్రంలో మనిషి ఎలా ఇరుక్కునేవాడంటే: చలాన్ మీద ఎంత కట్టాలో, కోర్టుకు రావడం తప్పనిసరో కాదో స్పష్టంగా ఉండేది కాదు. తేదీ తప్పితే గైర్హాజరు పేరుతో కొత్త కేసు, దానికి వేరే జరిమానా, కోర్టు ఖర్చు. ఆపై వారెంటు. వారెంటుకు 50 డాలర్లు, అది అమలు చేయడానికి పోలీసు బండి తిరిగిన మైలుకు 56 సెంట్లు అదనం. అరెస్టయి బాండు (జామీను సొమ్ము) కట్టలేకపోతే 72 గంటల దాకా లాకప్. ఒకావిడ 2007లో ఒక్కసారి కారు తప్పుగా నిలిపింది. వేసింది 151 డాలర్లు, పైన ఫీజులు. ఏడేళ్లలో రెండుసార్లు అరెస్టయి, ఆరు రోజులు జైల్లో ఉండి, 550 డాలర్లు కట్టాక కూడా 2014 డిసెంబరుకు ఇంకా 541 డాలర్లు బాకీ. మధ్యలో 25, 50 డాలర్ల చొప్పున కట్టబోతే కోర్టు తిప్పి పంపింది. ఆ డిసెంబరు నాటికి ఆ కోర్టు వారెంట్లు మీదున్నవారు 16 వేలకు పైనే. ఊరి మీదుగా వెళ్లే బయటివాళ్లనూ ఇది వదల్లేదన్నమాట. ఈ కౌంటర్‌కు సున్నా తప్ప ఇంకేమీ ఇవ్వలేం.

ఫిర్యాదుల విభాగం ఇంకా బలహీనం. బలప్రయోగం జరిగినప్పుడు పైఅధికారి విచారించాలి, దాన్ని చీఫ్ సరిచూడాలి. పైఅధికారి తేల్చినదాన్ని తాను ఎప్పుడూ కొట్టివేయలేదని జాక్సనే న్యాయశాఖకు చెప్పాడు. పోలీసు కుక్కలు కరిచిన ఘటనల్లో బాధితుల జాతి నమోదైనవి 14, అన్నిటా నల్లజాతివారే. వాళ్లలో పాడుబడిన ఇంట్లో దాక్కున్న 14 ఏళ్ల నిరాయుధ బాలుడూ ఉన్నాడు. అయిదేళ్లూ ఆ ఫైళ్లన్నీ చీఫ్ బల్ల మీదుగా వెళ్లాల్సినవే.

2014 ఆగస్టు గురించి ముఖ్యమైనదే చెబుతాను. కాల్చిన అధికారి పేరును ఆరు రోజులు బయటపెట్టలేదు. 15వ తేదీన పేరుతోపాటే, కాల్పులకు ముందు బ్రౌన్ ఒక దుకాణంలో చేశాడన్న దొంగతనం వీడియోనూ విడుదల చేశారు. ఆ కుర్రాణ్ణి మొదట ఆపడానికి ఆ దొంగతనం కారణం కాదని అదే రోజు చీఫే చెప్పి, తరువాత దానికి సవరణ ఇచ్చాడు. ఉద్రిక్తతల మధ్య సమాచారం ఇవ్వకూడని పద్ధతి ఇదే. అప్పటికే ముందురోజు గవర్నర్ జే నిక్సన్ భద్రత బాధ్యతను రాష్ట్ర పోలీసు విభాగమైన హైవే పెట్రోల్ కెప్టెన్ రాన్ జాన్సన్‌కు అప్పగించాడు. సెప్టెంబరు 25న జాక్సన్ వీడియోలో బ్రౌన్ తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పాడు. అది మెచ్చదగ్గ పనే, కానీ ఆలస్యంగా వచ్చింది. విల్సన్ మీద కేసు నిలబడదని గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలో లేదో తేల్చే పౌరుల బృందం), తర్వాత న్యాయశాఖ కూడా తేల్చాయి. పోలీసుల పనితీరు మీద న్యాయశాఖ ఇచ్చిన నివేదికకూ విల్సన్ మీద అది తీసుకున్న నిర్ణయానికీ ముడిపెట్టకూడదు. రెండూ ఒకే రోజు వెలువడినా రెండు వేర్వేరు విషయాలు.

2015 మార్చి 11న జాక్సన్ రాజీనామా ప్రకటించాడు, 19 నుంచి అమలైంది. ఏడాది జీతం పరిహారంగా వచ్చింది. సిటీ మేనేజర్ జాన్ షా, మున్సిపల్ జడ్జి రోనాల్డ్ బ్రాక్‌మేయర్ కూడా అదే నెలలో తప్పుకున్నారు. నా లెక్కలో తప్పు ముగ్గురిదీ, అయితే పోలీసు, కోర్టు రెండూ చేతిలో ఉన్నది చీఫ్‌కే కనుక ఆయన వాటా పెద్దది. 2016 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు పర్యవేక్షణలో సంస్కరణల ఒప్పందం అమల్లోకి వచ్చింది.

సెయింట్ లూయిస్ చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి పనికొచ్చే సంగతులు కొన్ని. ఆ కౌంటీలో సుమారు 90 మున్సిపాలిటీలు. ఒకే రోడ్డు మీద పది నిమిషాలు వెళ్తే మూడు ఊళ్లు మారొచ్చు, కాబట్టి చలాన్ చేతికి రాగానే ఏ ఊరి కోర్టు, ఏ తేదీ అన్నవి ముందు చూసుకోవాలి. 2015లో మిస్సోరీ తెచ్చిన ఐదో నంబరు సెనేట్ చట్టం, మరుసటి ఏడాది సవరణ కలిసి, చిన్న ట్రాఫిక్ తప్పులకు జరిమానా, కోర్టు ఖర్చు మొత్తం 225 డాలర్లు దాటకూడదన్నాయి. అలాంటి తప్పుల్లో గైర్హాజరుకు విడిగా కేసు పెట్టే పద్ధతి కూడా పోయింది. డబ్బు లేకపోతే ఆదాయం రుజువులు చూపించి వాయిదాలు అడగొచ్చు. తేదీ మాత్రం వదలొద్దు. తెలంగాణలో 2022లోనూ 2023 చివరలోనూ పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చినట్టు అక్కడా ఇస్తారని ఎదురుచూడొద్దు. వెళ్లడం కుదరకపోతే తేదీకి ముందే కోర్టు గుమాస్తాకు ఫోన్ చేసి వాయిదా అడిగి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి.