నెల్లూరు ట్రిప్: స్ట్రాంగా, లైటా అని కాదు, ఏ బీరు అని అడగండి

నెల్లూరులో ఏ బార్‌లో కూర్చున్నా మొదటి ప్రశ్న ఒకటే, "స్ట్రాంగా, లైటా అన్నా?" ఒంగోలు నుంచి ఫ్రెండ్స్‌తో వెళ్లిన ఈ ట్రిప్‌లోనూ అదే విన్నాం. నాకు ఈ ప్రశ్నతోనే పేచీ. ఆ రెండూ బీరు రకాలు కావు, ఆల్కహాల్ ఎంత ఉందో చెప్పే మాటలు. మన షాపుల్లో దొరికే స్ట్రాంగ్, లైట్ దాదాపు అన్నీ లాగర్ బీర్లే. లైట్‌లో 5 శాతం అటూ ఇటూ, స్ట్రాంగ్‌లో 8 శాతం దాకా ఉంటుంది.

అసలు రకాన్ని ముందుగా తేల్చేది బీరుని పులియబెట్టే ఈస్ట్. చల్లదనంలో, దాదాపు 7 నుంచి 13 డిగ్రీల మధ్య నిదానంగా పులిసి, ఆ తర్వాత వారాల తరబడి చల్లగా నిలవ ఉండి తయారయ్యేది లాగర్, అందుకే రుచి శుభ్రంగా ఉంటుంది. ఇంకాస్త వెచ్చగా, త్వరగా పులిసేది ఏల్, అందులో పళ్ల వాసనలు వస్తాయి. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో కాచిన బంగారు రంగు లాగరే పిల్స్‌నర్, ఇవాళ మనం తాగే పసుపు బీర్లకు మూలం అదే. గోధుమ కలిపి చేసే వీట్ బీర్ మబ్బుగా ఉంటుంది, జర్మన్ పద్ధతిలో చేస్తే అరటిపండు, లవంగం వాసన వేస్తుంది. నల్లటి స్టౌట్‌కి ఆ రంగు బాగా వేయించిన బార్లీ నుంచి వస్తుంది. నల్లగా ఉందని ఘాటు అనుకుంటారు గానీ, పేరున్న స్టౌట్ గిన్నెస్ డ్రాట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. స్టౌట్ గానీ, హాప్స్ అనే పువ్వుల చేదు ఎక్కువగా ఉండే ఐపీఏ అనే ఏల్ గానీ తాగాలంటే, నాకు తెలిసి బెంగళూరు లాంటి చోట్ల అక్కడికక్కడే బీరు కాచి అమ్మే మైక్రోబ్రూవరీలే దిక్కు, నెల్లూరులో మేం అడిగిన చోటల్లా లేవన్నారు.

ఇక మేం కూర్చున్న చోట్ల సంగతి. ట్రంకు రోడ్డు వైపు ఒక బార్‌లో ఏసీ బాగుంది, సీట్లు బాగున్నాయి, బీరు మాత్రం డీప్ ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టి వచ్చింది. మూత తీయగానే ఐసు ముక్కలతో నురగంతా టేబుల్ మీదికి పొంగింది. అంత చల్లదనంలో నాలుక మొద్దుబారి ఏ బీరైనా ఒకటే అనిపిస్తుంది. మార్చమంటే మార్చారు, కాకపోతే బిల్లు దగ్గర మళ్లీ మాట్లాడుకోవాల్సి వచ్చింది.

మేం దిగిన హోటల్‌లోని బార్ చిన్నదే, కానీ నాకు నచ్చింది అదే. సర్వ్ చేసే అబ్బాయి వీట్ బీర్ సీసాని గ్లాసు వాల్చి మెల్లగా పోశాడు, అడుగున రెండు వేళ్ల మందం మిగిలాక సీసాని ఒకసారి గుండ్రంగా తిప్పి, పేరుకున్న ఈస్ట్ కదిలాక ఆ మిగిలింది కూడా పోశాడు. గ్లాసు అప్పటికప్పుడు మబ్బు పట్టింది. ఎవరు నేర్పారని అడిగితే, "చెన్నైలో చేశాను సార్" అన్నాడు. ఇలాంటి వాళ్లకి టిప్ ఇవ్వడానికి వెనకాడొద్దు.

తిండి విషయంలో నా మాట గట్టిగా చెప్తాను. మామిడికాయ ముక్క వేసిన చేపల పులుసు, రొయ్యల వేపుడు ముందు పెట్టుకుని స్ట్రాంగ్ తాగితే కారం ఇంకా మండుతుంది, ఎందుకంటే ఆల్కహాల్, హాప్స్ చేదు రెండూ మంటని పెంచుతాయి. వీట్ బీర్ గానీ మామూలు లైట్ లాగర్ గానీ తీసుకుంటే పులుసులోని పులుపు, మామిడి రుచి తెలుస్తాయి. మా వాళ్లలో స్ట్రాంగ్ తప్ప ముట్టని వాడు కూడా రెండో ముద్దకే నా గ్లాసు లాక్కున్నాడు.

మైపాడు బీచ్‌కి పొద్దున్నే వెళ్లండి, ఊరి నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడికి మాత్రం సీసాలు తీసుకెళ్లొద్దు. బహిరంగంగా తాగడం నేరం, పైగా ఇసుకలో గాజు పెంకులు పిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయి. మధ్యాహ్నం ఎండలో కారులో పెట్టిన బీరు కూడా పాడవుతుంది. వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థం మారిపోయి గబ్బు వాసన వస్తుంది, ఆకుపచ్చ సీసాల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

రూమ్ బుక్ చేసేటప్పుడు ఫ్రిజ్ ఉందా, అది నిజంగా పనిచేస్తోందా అని ఫోన్‌లోనే అడగండి. స్టేషన్ దగ్గర లాడ్జీలు చౌకే, కానీ మేం చూసిన వాటిలో ఫ్రిజ్ లేదు. కొనేటప్పుడు లేబుల్ మీద తయారైన తేదీ చూడండి, లాగర్, వీట్ బీర్ ఎంత తాజాగా ఉంటే అంత బాగుంటాయి. తాగాక బండి తీయకండి, ఊళ్లో ఆటోలు దొరుకుతాయి.