మాగ్నెటో టైమింగ్ పెట్టె: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

విమానపు ఇంజినులో స్పార్కు పుట్టించే రెండు మాగ్నెటోలూ సరైన క్షణంలో పనిచేస్తున్నాయో లేదో చూపే పెట్టె ఇది. ఇందులో నాకు మొదటి రోజు నుంచీ నచ్చినది దాని చప్పుడు. రెండు దీపాలు, మూడు తీగలు, ఒక మీట ఏ కంపెనీ పెట్టెకైనా ఉండేవే కనుక వాటి గురించి వేరుగా చెప్పవలసిన పని లేదు. అయితే చంద్రపూర్ జిల్లాలో, మూడు వైపులా రేకులూ నాలుగో వైపు ఎండా ఉన్న మా షెడ్డులో, పగటిపూట ఆ చిన్న దీపం వెలిగిందో ఆరిందో తెలియాలంటే దానికి అరచెయ్యి అడ్డం పెట్టి తొంగి చూడాలి. అప్పటికే ఒక చెయ్యి ప్రొపెల్లరు మీద, ఇంకో చెయ్యి మాగ్నెటో మీద, కళ్లు ప్రొపెల్లరు వెనక ఉన్న స్టార్టర్ రింగు మీది గీత మీద ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులే. నా పెట్టె ఎడమ మాగ్నెటోకు బొంగురు గొంతుతో, కుడి మాగ్నెటోకు సన్నని గొంతుతో మోగుతుంది. మాగ్నెటో లోపల పాయింట్లు అనే రెండు లోహపు కొసలు విడివడిన క్షణంలో (స్పార్కు పుట్టేది అప్పుడే) ఆ గొంతు టక్కున మారుతుంది. రెండు గొంతులూ ఒక్కసారే మారితే రెండు మాగ్నెటోలూ ఒక్కసారే స్పార్కు ఇస్తున్నట్టు. తెలుగు ఇంట్లో పుట్టి మరాఠీ బడిలో చదువుకున్న మా రాజూరా కుర్రవాడు దీనికి ‘గుంయ్ డబ్బా’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు షెడ్డులో అందరూ అదే పేరుతో అడుగుతారు.

మల్టీమీటరు ఉండగా ఈ పెట్టె ఎందుకని కొత్తగా పనిలోకి వచ్చినవారు అడుగుతుంటారు. పాయింట్లకు సమాంతరంగా మాగ్నెటో కాయిల్‌లోని ప్రైమరీ చుట్టు, అంటే లావు తీగ చుట్టు, ఉంటుంది. దాని నిరోధం ఒక ఓము అటూఇటూగా ఉంటుంది. అందుచేత పాయింట్లు మూసి ఉన్నా తెరిచి ఉన్నా మామూలు మీటరుకు దాదాపు సున్నాయే కనిపిస్తుంది, రెండింటికీ తేడా తెలియదు. ఈ పెట్టె నేరు కరెంటుకు బదులు అటూఇటూ మారే కరెంటును పంపుతుంది కనుక కాయిల్ దానిని అడ్డుకుంటుంది, మూసిన పాయింట్లు అడ్డుకోవు. ఆ తేడాయే మనకు చప్పుడై వినిపిస్తుంది. ఇంత మాత్రపు సంగతికి పెట్టెకు అంత ధరా అని నేనూ మొదట్లో గొణిగాను.

పని తీరు చెబితేనే చప్పుడు విలువ తెలుస్తుంది. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి రెండు సీట్ల సెస్నా 152లు, వాటిలో ఉండేది లైకమింగ్ ఓ-235-ఎల్2సి ఇంజిను. టైమింగు, అంటే స్పార్కు పడవలసిన చోటు, పిస్టను పైస్థానానికి 20 డిగ్రీల ముందు. అయినా ప్రతిసారీ ఇంజిన్ డేటా ప్లేటు చదివిన తర్వాతే పని మొదలుపెట్టడం నా అలవాటు. నాలుగు సిలిండర్లకూ పై ప్లగ్గులు తీసి, ఒకటో సిలిండరు రంధ్రం మీద బొటనవేలు ఆనించి, గాలి వేలిని తన్నేదాకా ప్రొపెల్లరు తిప్పాలి. ఎడమ మాగ్నెటోకు ఇంపల్స్ కప్లింగు (స్టార్టు చేసేటప్పుడు మాగ్నెటోను కాస్త పట్టి ఉంచి టక్కున వదిలే స్ప్రింగు అమరిక) ఉంటే అది టక్కుమన్న తర్వాత ప్రొపెల్లరును వెనక్కి, 20 గీత దాటి మరికొంత వెనక్కి తెచ్చి, అక్కడి నుంచి గేర్ల సందు మిగలకుండా మెల్లగా ముందుకు రావాలి. మరీ వెనక్కి పోతే కప్లింగు మళ్లీ పట్టుకుంటుంది, అప్పుడు మళ్లీ మొదటికి. రింగు మీది గీత స్టార్టరు మీది చిన్న రంధ్రానికి ఎదురుగా వచ్చే చోట వెంట్రుకవాసి కదలికకు గొంతు మారుతుంది. ఆ వెంట్రుకవాసిని దీపంతో పట్టడానికీ చెవితో పట్టడానికీ ఎంత తేడానో మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఈ పని చేసినవారికే తెలుస్తుంది.

కొన్న మొదటి ఏడాది ఒకసారి ఇగ్నిషన్ స్విచ్‌ను ఆఫ్‌లో వదిలేసి గంటసేపు ప్రొపెల్లరు తిప్పాను. ఆఫ్‌లో ఉంటే మాగ్నెటోలు రెండూ ఎర్త్ అయి, అంటే ఇంజిను లోహానికి కలిసి, ఉంటాయి కనుక పెట్టె ఎంతసేపు మోగినా గొంతు మారదు. స్విచ్‌ను రెండు మాగ్నెటోలూ పనిచేసే బోత్ స్థానంలో పెట్టాలి, అంటే ఆ సమయంలో మాగ్నెటోలు ప్రాణంతో ఉన్నట్టే. పై ప్లగ్గులు తీయకుండా ఎవరూ ఈ పని మొదలుపెట్టకూడదు.

ఆ తప్పు నుంచే తర్వాత ఒక మేలు కలిగింది. ఒక వానకాలంలో, రన్‌అప్‌లో (ఎగరబోయే ముందు నేల మీద ఇంజిను నడిపి చూసే పరీక్షలో) స్విచ్‌ను కుడి మాగ్నెటోకు తిప్పితే ఒక్కోసారి ఆర్‌పీఎం అసలు తగ్గడం లేదని ఒక విమానం వచ్చింది. తగ్గకపోవడం మంచిదని కొత్త విద్యార్థులు అనుకుంటారు గానీ, ఎడమ మాగ్నెటో ఆగవలసినప్పుడు ఆగడం లేదని దాని అర్థం. స్విచ్ ఆఫ్ చేసి తాళం చెవి జేబులో వేసుకున్నా ప్రొపెల్లరు మీద చెయ్యి వేసిన మనిషికి ప్రమాదమే. స్విచ్ దాకా వెళ్లే ఎర్త్ తీగను మీటరుతో చూస్తే ఏ లోపమూ లేదు. అప్పుడు పాయింట్లు విడివడిన చోట ప్రొపెల్లరును ఆపి, స్విచ్‌ను ఆఫ్‌లో పెట్టి, పెట్టెను మోగనిచ్చి, ప్యానెల్ వెనక తీగల కట్టను మెల్లగా కదపమని కుర్రవాడికి చెప్పాను. అతడు మూడోసారి కదిపినప్పుడు గొంతు ఒక్క క్షణం మారి మళ్లీ సర్దుకుంది. “అన్నా, డబ్బా గుంయ్‌మన్నది!” అని అతడు లోపలి నుంచే అరిచాడు. స్విచ్ వెనక టెర్మినల్ దగ్గర తీగ మెడ విరిగి, పైపొర మాత్రమే దానిని పట్టి ఉంచింది. ఈ వాడకం గురించి పెట్టెతో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు. ఆ రోజు నుంచి నేను దీని భక్తుణ్ని అయ్యాను. బల్లార్షాలో, నాగ్‌పూర్‌లో పరిచయమున్న తోటి మెకానిక్కులకు “ఇగ్నిషన్ జబ్బులకు ఈ ఒక్క పెట్టె చాలు” అని చెప్పుకుంటూ తిరిగాను.

ఆ మాట నన్ను 2022 మే నెలలో మూడు రోజులు తిప్పలు పెట్టింది.

ఉదయం మొదటి సార్టీకి, అంటే ఆ రోజు మొదటి విడత ఎగరడానికి, ముందు ఆ సెస్నా ఎంతో బాగున్నది: 1700 ఆర్‌పీఎం వద్ద ఒక్కొక్క మాగ్నెటో మీద తగ్గుదల 70, 80. పుస్తకం ఒప్పుకునే హద్దు 125, రెండింటి మధ్య తేడా 50. పదకొండు గంటలకు రెండో సార్టీ రన్‌అప్‌లో కుడి మాగ్నెటో మీద 250 దాకా పడి ఇంజిను గజగజలాడిందని ఇన్‌స్ట్రక్టరు తిరిగి తెచ్చి అప్పగించారు. మేము దానిని షెడ్డులోకి తోసి, ఇంజిను మీది రేకు మూత (కౌలింగు) విప్పి, తాకగలిగేంత చల్లారేదాకా ఆగి, పెట్టె తగిలించాము. 20 గీత దగ్గర రెండు గొంతులూ ఒక్కసారే మారాయి. మాగ్నెటోకు ఏమీ కాలేదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

మిగిలింది ప్లగ్గులు. కింది ప్లగ్గుల్లో సీసపు గుళికలు కాస్త ఉన్నాయి. సీసం కలిసిన 100 ఎల్‌ఎల్ విమాన పెట్రోలుతో, విద్యార్థులు మిశ్రమాన్ని పల్చన చేయకుండా నేల మీద ఎక్కువసేపు తిప్పే ఇంజినుకు అది మామూలే. ఎనిమిదింటినీ శుభ్రం చేసి, గ్యాపు సరిచూసి, నిరోధం కొలిచాను. ఒకటి 6,800 ఓములు చూపింది. 5,000 దాటినదాన్ని తీసేయాలన్నది నియమం కనుక దానిని మార్చి, దొంగ దొరికాడని సంతోషించాను. సాయంత్రం రన్‌అప్ చక్కగా ఉంది. మర్నాడు ఉదయం కూడా చక్కగానే ఉంది. మధ్యాహ్నం మళ్లీ అదే గజగజ. ఈసారి మాగ్నెటో నుంచి ప్లగ్గులకు వెళ్లే హై టెన్షన్ తీగలను ఒక్కొక్కటిగా టెస్టరుతో చూశాను, కుడి మాగ్నెటో ఎర్త్ తీగను తనిఖీ చేశాను, అంతటా సక్రమమే. చివరికి మళ్లీ పెట్టె తగిలించాను. అది మళ్లీ చక్కగా గుంయ్‌మన్నది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నేను మాగ్నెటో నుంచి మరింత దూరం జరిగాను.

మూడో రోజు చేసిన పని మొదటి రోజే చేయవలసినది. లోపం కనిపిస్తున్న సమయంలోనే, వేడి మీదే, ఇంజినును కుడి మాగ్నెటో ఒక్కదాని మీద కొద్దిసేపు తక్కువ ఆర్‌పీఎంలో నడిపి ఆపి, నాలుగు ఎగ్జాస్టు గొట్టాల వేడిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూశాము. ఒకే గొట్టం చల్లగా ఉంటే ఆ సిలిండరు ప్లగ్గో తీగో దోషి. ఇక్కడ నాలుగూ దాదాపు ఒకే తీరున ఉన్నాయి. అంటే నాలుగింటికీ అక్కడక్కడా స్పార్కు తప్పుతున్నది, నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది మాగ్నెటో ఒక్కటే. దానిని విప్పి, కాయిల్ తీసి, కూలరు ముందు బల్ల మీద కొలిస్తే సెకండరీ చుట్టు (ప్లగ్గులకు వెళ్లే అధిక వోల్టేజీ పుట్టే సన్నని తీగ చుట్టు) నిరోధం ఉండవలసిన హద్దులోనే ఉంది. కుర్రవాడు దానిని తీసుకుపోయి షెడ్డు బయట రేకు మీద, మధ్యాహ్నం రెండు గంటల వేళ ఎండలో పెట్టాడు. కాసేపటికి మీటరు అంకెలు ఊగి, ఊగి, ఇక చుట్టు తెగినట్టు చూపించింది. మళ్లీ కూలరు ముందుకు తెస్తే అంకె తిరిగి వచ్చింది. లోపల ఎక్కడో విరిగిన సన్నని తీగ కొసలు చల్లగా ఉన్నప్పుడు తాకుతూ, వేడెక్కితే విడిపోతున్నాయన్నమాట. ఇంజిను ఆగగానే కౌలింగు లోపల గాలి ఆగిపోయి, వెనక ఉన్న మాగ్నెటో మరింత వేడెక్కుతుంది. రెండో సార్టీ రన్‌అప్‌లోనే జబ్బు బయటపడడానికి కారణం అదే. నేనేమో ప్రతిసారీ బుద్ధిగా చల్లార్చి చూశాను.

వేడి మీద చూసినా ఈ పెట్టె దానిని పట్టేది కాదు. అది ప్రైమరీ వైపు పాయింట్లు ఎప్పుడు విడివడ్డాయో చెబుతుంది. సెకండరీలో ఏమి పుడుతున్నదో, అసలు పుడుతున్నదో లేదో దానికి సంబంధం లేదు. తప్పు పెట్టెది కాదు, దాని చప్పుడుకు లేని అర్థం కట్టిన నాది. తోటివారికి ఇప్పుడు “టైమింగుకూ ఎర్త్ తీగకూ ఈ పెట్టె చాలు” అని మాత్రమే చెబుతున్నాను. ముందటి మాటను ఉపసంహరించుకున్నానని ప్రత్యేకంగా ఎవరికీ చెప్పలేదు.

చిన్న చిన్న కొరతలు లేకపోలేదు. క్లిప్పుల స్ప్రింగులు రెండేళ్లకే సడలాయి, మార్చుకున్నాను. తీగలు పొట్టివి. ఒక వానకాలంలో లోపలి బ్యాటరీ కారి టెర్మినల్ పచ్చబడింది. అప్పటి నుంచి జూన్‌లో బ్యాటరీ తీసి పక్కన పెడుతున్నాను. ఇంకో సంగతి: నా పెట్టెలో పాయింట్లు విడివడితే దీపం వెలుగుతుంది, మరో రకంలో ఆరుతుంది. అరువు తెచ్చిన పెట్టె వాడేవారు ముందుగా రెండు క్లిప్పులనూ ఒకదానికొకటి తాకించి, అది ఏ రకమో చూసుకోవాలి.

నాకు నెలకు రెండు మూడు ఇంజిన్ల టైమింగు చూడవలసి వస్తుంది, అవీ అన్నీ నాలుగు సిలిండర్లవే, షెడ్డులో వెలుతురు ఎక్కువ, నీడ తక్కువ. ఈ పరిస్థితుల్లో దీనికి పెట్టిన డబ్బు ఎప్పుడో తీరిపోయింది. ఏడాదికి ఒక్కసారి, వార్షిక తనిఖీకి మాత్రమే కౌలింగు విప్పే సొంత విమానపు యజమానికి ఇది అవసరమా అంటే నేను గట్టిగా చెప్పలేను. అటువంటివారు ఆ డబ్బుతో ముందుగా మంచి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొనుక్కోవడం మేలేమో. నా మటుకు ఇది పాడైతే మళ్లీ ఇటువంటిదే కొంటాను, చప్పుడు లేని రకం సగం ధరకు దొరికినా సరే.