గోడా, రాళ్ల కట్టా, ఇసుకా: తీరానికి ఏది మేలు?

తీరం వెంట రోడ్డో, రైలు మార్గమో ఉంటే దాన్ని కాపాడటానికి కాంక్రీటు గోడ కట్టాలా, బండరాళ్లు వేయాలా, ఇసుక పోయించాలా అని తరచూ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది దృష్టి ఎత్తు మీదే ఉంటుంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది కాబట్టి ఆ బెంగ సహజమే. నేనైతే ముందు గోడ అడుగు చూస్తాను.

నిలువు గోడను కొట్టిన అల కొంత పైకి ఎగసి, కొంత కిందికి దూకుతుంది. ఆ దూకే నీరే గోడ మొదట్లో ఇసుకను తోడేస్తుంది. ఇసుక పోయినకొద్దీ లోతు పెరుగుతుంది, అంతకుముందు దూరంలోనే విరిగిపోయే పెద్ద అలలు తిన్నగా గోడ దాకా వచ్చేస్తాయి. సముద్రమట్టం పెరిగినా జరిగేది ఇదే. గోడ తెగితే ఏమవుతుందో 2014 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని డాలిష్‌లో చూశాం: కింద నేల కొట్టుకుపోయి రైలు పట్టాలు గాల్లో వేలాడాయి. ఆ లైను దాదాపు రెండు నెలలు మూతపడింది.

రాళ్ల కట్ట నయం. అల జోరు రాళ్ల సందుల్లోనే చాలావరకు చచ్చిపోతుంది, కట్ట కాస్త కుంగినా పైన మళ్లీ రాళ్లు వేసుకోవచ్చు. చిక్కల్లా బరువు దగ్గరే. అల ఎత్తు 10 శాతం పెరిగితే, అదే వాలు మీద నిలవడానికి ఒక్కో రాయి సుమారు 33 శాతం బరువెక్కాలి. తర్వాత పైన ఇంకా పెద్ద రాళ్లు వేయాల్సి రావచ్చు కాబట్టి కట్టేటప్పుడే అడుగు వెడల్పుగా వేసుకోవాలి.

నా ఓటు మాత్రం ఇసుకకే. నెదర్లాండ్స్ 2011లో హేగ్ దగ్గర 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా ఇసుకను ఒకేచోట పోసి, తీరం పొడవునా సర్దే పనిని అలలకూ గాలికీ వదిలేసింది. ముందు ఇసుక ఉంటే అల దూరంలోనే విరుగుతుంది. కొన్నేళ్లకోసారి మళ్లీ పోయాలి, ప్రతిసారీ నిధుల టెన్షన్ తప్పదు. ఓడల దారి పక్కనే పోస్తే అదే ఇసుక వచ్చి మేట వేస్తుంది కూడా. అందుకే ఇసుక వెనక రాళ్ల కట్టను పూడ్చి ఉంచడం మంచిది. ఇసుక కొట్టుకుపోయిన ఏడాది అది ఆదుకుంటుంది.

మడ అడవులు బురద నేలల్లో బాగా పనిచేస్తాయి, అలల తాకిడి ఎక్కువున్న ఇసుక తీరంలో నిలవవు. సముద్రం పొంగినప్పుడు నీటికి అడ్డంగా మూసే వెనిస్ తరహా గేట్లు నగరాల స్థాయి వ్యవహారం, మూసినంతసేపూ ఓడలు ఆగాలి.

ఓడ ఆనుకునే బెర్తు దగ్గర లోతు కావాలి కాబట్టి అక్కడ నిలువు గోడే గతి. గోడ దాటి నీళ్లొచ్చినా మునగకుండా కనీసం కరెంటు ప్యానెళ్లూ పంపులూ ఎత్తులో పెట్టించండి.