సెకండ్ హ్యాండ్ ఓపెన్ టాప్ కారు: గుడ్డ టాపా, రేకు టాపా?

మినీ కన్వర్టిబుల్ కొన్నప్పటి నుంచి విజయనగరంలో తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒక్కటే. "ఇంకాస్త వేసుకుంటే బీఎండబ్ల్యూ జెడ్4 వచ్చేది కదా, రేకు టాపు వదిలేసి గుడ్డ టాపు ఎందుకు తీసుకున్నావ్?" అని. ఇంజిన్, గేర్లు, టైర్లు ఏ పాత బండికైనా చూసుకునేవే కాబట్టి వాటి జోలికి పోను, టాపు సంగతే చెబుతాను.

రేకు టాపు గొప్పదనం కాదనలేం. 2009లో వచ్చిన జెడ్4కి టాపు అల్యూమినియంది. ఇరవై సెకన్లలో రెండు ముక్కలుగా మడిచుకుని డిక్కీలోకి వెళ్లిపోతుంది. మూసేస్తే మామూలు కారే. మే నెల ఎండలోనూ ఏసీ చల్లదనం నిలుస్తుంది. కోతులు ఎక్కి గెంతినా చిరుగుతుందన్న భయం లేదు. గుడ్డ టాపు మీద పిల్లి పడుకుని లేచి ఒళ్లు విరుచుకుందంటే ఆ గోళ్ల గుర్తులు మీకే. కాకపోతే జెడ్4లో ఇద్దరే కూర్చోవాలి. టాపు దించితే 310 లీటర్ల డిక్కీ 180కి వచ్చేస్తుంది. మినీలో నాలుగు సీట్లున్నాయి, వెనకవి పిల్లలకే అనుకోండి.

నా లెక్కలో వీటన్నిటికంటే పెద్ద విషయం నీళ్లు. టాపు ఏదైనా దాని అంచుల్లో పడ్డ వాన సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆ గొట్టాలను మూసేయడానికి మన చింతాకును మించింది లేదు, వేలి గోరంత కూడా ఉండదు. గొట్టం మూసుకుంటే నీళ్లు కార్పెట్ కిందికి దిగుతాయి. అక్కడ స్పాంజి ఉంటుంది, వారాల తరబడి ఆరదు. దాని పక్కనే వైర్లు, చాలా బండ్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్ బాక్సులు. 2002–08 నాటి గుడ్డ టాపు జెడ్4లో అయితే టాపు మోటారు ఆ నీళ్లు చేరే గుంటలోనే ఉంటుంది, గొట్టం మూసుకుంటే మునిగిపోతుంది. గుడ్డయితే చాలు అనుకోకండని చెప్పడానికే ఈ మాట.

మొన్న విశాఖలో ఒక రేకు టాపు కారు చూశాను. పైకి అద్దంలా మెరుస్తోంది. తలుపు తీయగానే గుప్పున సెంటు వాసన. మాతో వచ్చిన మెకానిక్ మావయ్య "టాపు కాదురా, ముందు నేల చూడు" అన్నాడు. సీటు వెనక కార్పెట్ మీద టిష్యూ కాగితం పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కాం. తీసేసరికి కాగితం తడి, అంచు చుట్టూ తుప్పు రంగు. సీటు పట్టాల బోల్టులకీ తుప్పే. వానలు పోయి నెలన్నర అయింది అప్పటికి.

అందుకని లీటరు నీళ్ల సీసా తీసుకెళ్లండి. అంచుల్లో మెల్లగా పోసి బండి కిందికి వంగి చూడండి. పోసిన కాసేపటికే రెండు వైపులా ధార కట్టాలి. ఒక వైపే కారితే రెండో వైపు మూసుకున్నట్టే. ఇంజిన్ ఆన్‌లో ఉంచి టాపు నాలుగైదు సార్లు తీసి మూయించండి. తలుపు తీసేటప్పుడు అద్దం కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే రబ్బరు చిరిగే ప్రమాదం ఉంది. అద్దానికీ రబ్బరుకీ మధ్య పది రూపాయల నోటు పెట్టి లాగితే బిగువుగా రావాలి.

నేను గుడ్డకే ఓటేసింది ఇందుకే. 2016 నుంచి వచ్చిన మినీ టాపు పూర్తిగా కరెంటు మోటారుతో నడుస్తుంది, హైడ్రాలిక్ ఆయిల్ లేదు. పద్దెనిమిది సెకన్లు పడుతుంది, గంటకు 30 కిలోమీటర్ల వేగం దాకా నడుస్తూనే దించొచ్చు. జెడ్4 రేకు టాపుకి ఆ ఆయిల్‌ని ఒత్తిడితో తోసే పంపు, సిలిండర్లు, ప్రతిసారీ మడతపడే వైర్లు. ఒక్క సెన్సారు మొరాయించినా సగంలో ఆగిపోతుంది. రణస్థలం దగ్గర హైవే మీద వాన ముంచుకొస్తుంటే అలా నిలబడిపోవడం ఊహించుకోండి. నా బండికి వెనక కుట్టు విడిపోతే ఇక్కడి కుషన్ షాపతనే కుట్టి ఇచ్చాడు. ఉప్పుగాలికి గుడ్డ తుప్పు పట్టదు, కింది ఇనప ముక్కలు మాత్రం చూసుకోవాలి. రోజూ కళింగపట్నం బీచ్ పక్క నిలిపే బండయితే ఏ టాపయినా ఆలోచించాల్సిందే.

మహీంద్రా తార్ సాఫ్ట్ టాప్ (గుడ్డ టాపు జీపు) సంగతీ అడుగుతారు. టాపు చేత్తో విప్పుకోవాలి, బండి ఎత్తు కాబట్టి స్పీడ్ బ్రేకర్ల భయం లేదు. కాకపోతే అది స్పోర్ట్స్ కారు కాదు.

ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే బండ్ల మీద మోజు పడేవాళ్లకి ఒక మాట. అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లను తిరగనివ్వకూడదన్న ఆంక్షలతో అమ్మేసినవీ వాటిలో ఉంటాయి. అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి తగ్గించి లెక్కేస్తారు గానీ, ఆ మొత్తం కలిపాక చవకదనం ఎంత మిగిలిందో బేరానికి ముందే చూసుకోండి.