పాత బండికి వేసిన కొత్త ఇగ్నిషన్ స్విచ్: కొన్నేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తాను. కరెంటు మోసే పనిలో ఈ స్విచ్‌కి వంక పెట్టలేను, తాళంగా మాత్రం మెచ్చుకోలేను. నాది 1970ల నాటి బండి. 12 వోల్టులు, పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి తెంచే కాంటాక్టులు), బ్యాటరీ మీద నడుస్తూ స్పార్కుకి వోల్టులు పెంచే కాయిల్. దీని అసలు స్విచ్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అందుకని అదే అచ్చులో వస్తున్న నకలే దిక్కయింది. వేసి కొన్నేళ్ళయింది, ఎండా వానా రెండూ చూసింది.

పాతదాన్ని ఎందుకు తీశానో చెప్పాలి. గతుకు తగిలినప్పుడల్లా ఇంజన్ ఒక్క క్షణం గుటక వేసేది. హెడ్‌లైటు వేస్తే ఇండికేటర్లు నీరసంగా కొట్టుకునేవి. ఇలాంటప్పుడు అందరి చెయ్యీ ముందు కార్బురేటర్ మీదికే పోతుంది. మల్టీమీటర్ ఉంటే అంత దూరం పోనక్కర్లేదు. కీ ఆన్ చేసి, లైట్లు వేసి, మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొనను స్విచ్‌లోకి వచ్చే తీగకి, రెండోదాన్ని బయటికి పోయే తీగకి ఆనించండి. 0.2 వోల్టు లోపు ఉంటే స్విచ్ బాగున్నట్టే. నాదానిలో 1 వోల్టు దాటింది. ఓమ్‌ల మీద పెట్టి కొలిస్తే ఈ జబ్బు దొరకదు, ఎందుకంటే అప్పుడు మీటర్ పంపే కరెంటు మరీ తక్కువ. మామూలు మీటర్‌లో 0.2 ఓమ్‌కీ సున్నాకీ తేడా నమ్మకంగా తెలియదు. అదే 0.2 ఓమ్, 5 ఆంపియర్లు పారేటప్పుడు 1 వోల్టు మింగేసి 5 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి లోపలి స్ప్రింగు బిగువు పోతుంది, దాంతో కాంటాక్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

బిగించడం పెద్ద పనేమీ కాదు. బ్యాటరీకి ఎర్త్ వైపు (బండి చట్రానికి కలిసే) తీగ ముందు ఊడదీయాలి. పాత బ్రిటిష్ బళ్ళలో చాలావాటికి ఎర్త్ అయ్యేది పాజిటివ్, కాబట్టి అలవాటుకొద్దీ నెగటివ్ తీసేయకుండా చూసుకోండి. నకలు స్విచ్ తీగల రంగులను అసలు నమ్మొద్దు. ఒక్కో స్థానంలో ఏ తీగకి ఏ తీగ కలుస్తోందో మీటర్‌తో చూసి కాగితం మీద రాసుకుని, పాతదానితో పోల్చాకే కలపాలి. నాకు వచ్చినదానిలో పార్కింగ్ లైటు స్థానంలో కూడా కాయిల్‌కి కరెంటు పోతోంది! పాయింట్లు మూసుకున్న చోట ఇంజన్ ఆగి ఉంటే, 4 ఓమ్‌ల కాయిల్ 3 ఆంపియర్లు లాగుతూ ఊరికే కాలిపోతూ ఉంటుంది. నేను ఆ స్థానాన్ని అసలు వాడకుండా వదిలేశాను. మాగ్నెటో (బ్యాటరీ లేకుండా ఇంజన్ తిరుగుతూనే స్పార్కు కరెంటు పుట్టించేది) ఉన్న బళ్ళవాళ్ళకి లెక్క వేరు. అక్కడ స్విచ్ ఆఫ్ చేయడమంటే ఇగ్నిషన్ తీగని ఎర్త్‌కి కలపడం. ఆ తీగ మీదికి బ్యాటరీ కరెంటు రానే కూడదు. ఇంకొకటి, తీగలు కలిపే బుల్లెట్ కనెక్టర్లు జపాన్ బళ్ళలో 4 మి.మీ. లోపు ఉంటే బ్రిటిష్‌వి 4.7 మి.మీ. రెంటినీ బలవంతంగా జత చేస్తే కొత్త స్విచ్ వేసీ పాత జబ్బే మిగులుతుంది.

ఇక స్విచ్ ఇన్నాళ్ళు నిలబడిందంటే సగం ఘనత రిలేది, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌ది. 60 వాట్ల బల్బుకి 5 ఆంపియర్లు కావాలి, రిలేని పనిచేయించడానికి 0.2 ఆంపియర్ చాలు. హెడ్‌లైటు కరెంటుని బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా నేరుగా రిలేకి తెచ్చాక స్విచ్ మీద ఆ బరువే లేదు. మొన్న కొలిస్తే 0.1 వోల్టు కూడా పోవడం లేదు. 6 వోల్టుల బళ్ళకైతే ఇది ఇంకా అవసరం, అదే వెలుగుకి అక్కడ రెట్టింపు కరెంటు పారాలి.

తాళం సంగతికొస్తే, మొదటి ఏడాదిలోనే కీ లోపల ఊగడం మొదలైంది. తర్వాత ఆన్‌లో ఉండగానే కీ చేతిలోకి వచ్చేసేది. మెత్తటి లోహం, అంతే. పైగా హ్యాండిల్ తాళానికి ఒక కీ, దీనికి ఇంకో కీ. అందుకని పాత స్విచ్‌లో చిన్న పిన్ను నొక్కి తాళం బ్యారెల్‌ని (కీ దూరే గొట్టాన్ని) బయటికి లాగి కొత్త ఒంట్లోకి ఎక్కించాను. అచ్చు ఒకటే కావడంతో సరిపోయింది. అన్నిటికీ ఈ వీలుండదు, కొనేముందు చూసుకోండి. అప్పటి నుంచి కీ గుత్తి వేలాడదీయడం మానేశాను. తాళంలో గ్రాఫైట్ పొడి వేయమని చాలామంది చెబుతారు. గ్రాఫైట్ కరెంటుని మోస్తుంది, ఈ స్విచ్‌లో కాంటాక్టులు సరిగ్గా తాళం కిందే ఉన్నాయి. పొడిగా ఆరిపోయే టెఫ్లాన్ స్ప్రే మేలు.

మీ పాత స్విచ్‌లో బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) నల్లగా కాలిపోయి ఉంటే ఈ నకలు కొనండి. ఉత్త చిలుమే పట్టి ఉంటే కొనొద్దు. రేకు చెవులు మెల్లగా వంచి విప్పి, కాంటాక్టులు శుభ్రం చేసి, స్ప్రింగు కాస్త సాగదీసి మూసేస్తే అదే ఈ నకలు కంటే ఎక్కువ కాలం వస్తుంది.