పిల్లలతో బేస్‌బాల్ సీజన్: సర్‌ప్రైజ్ నుంచి కాన్సస్ సిటీ దాకా

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ మార్చి చివర్లో మొదలై సెప్టెంబరు ఆఖరుదాకా సాగుతుంది. ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో 81 సొంత మైదానంలోనే జరుగుతాయి. రెండు నెలల్లో ముగిసిపోయే ఐపీఎల్‌ను చూసే అలవాటున్న మనవాళ్ళకు ఇంత నిడివి మొదట్లో మింగుడుపడదు. డాలస్ ఉత్తర శివార్లలో ఉండే మా ఇంట్లో ఒకటో తరగతి చదివే అబ్బాయి, మార్చి నాటికి ఇంకా రెండేళ్ళు నిండని పాప ఉన్నారు. మే నెలలో మా అత్తగారు, మామగారు విజయవాడ నుంచి వచ్చారు. మావారు టెక్సస్ రేంజర్స్ జట్టును ప్రాణంగా చూసుకునే మనిషి. ఈ సీజన్‌లో మేము వెళ్ళిన మైదానాలను, దిగిన బసలను ఒక తల్లి దృష్టితో బేరీజు వేసి రాస్తున్నాను. ఏడేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి జట్టు పేరు, స్టేడియం ఘనత కంటే నీడ, మరుగుదొడ్డికి పట్టే నడక, ఎప్పుడంటే అప్పుడు లేచి వచ్చేయగల వీలు ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను. నా అంచనాలన్నీ ఈ కొలమానం మీదే ఆధారపడ్డాయి.

అసలు సీజన్ మొదలు కాకముందే, ఫిబ్రవరి చివరి నుంచి మార్చి మూడు నాలుగు వారాలదాకా సన్నాహక పోటీలు జరుగుతాయి. సగం జట్లు ఫ్లోరిడాకు, మిగిలిన సగం అరిజోనాకు వెళతాయి. అరిజోనాలో ఆడే 15 జట్లకూ కలిపి ఉన్న పది మైదానాలూ ఫీనిక్స్ మహానగరం చుట్టుపక్కలే ఉండడం పిల్లలతో వెళ్ళేవారికి పెద్ద వరం. రేంజర్స్ జట్టు 2003 నుంచి కాన్సస్ సిటీ రాయల్స్‌తో కలిసి, నగరానికి వాయవ్యంగా ఉన్న సర్‌ప్రైజ్ అనే ఊళ్ళో దిగుతోంది. ఇక్కడి స్టేడియంలో సుమారు పదిన్నర వేల మందికి చోటు ఉంది. ఔట్‌ఫీల్డ్ వెనుక ఏటవాలుగా పచ్చగడ్డి మెట్ట ఉంటుంది. అక్కడి టికెట్టుకు కుర్చీ సంఖ్య ఉండదు, దుప్పటి పరుచుకుని కూర్చోవడమే. పాప దుప్పటి మీద పాకి, లేచి, మళ్ళీ పడి ఆడుకుంటుంటే ముందు వరుసవారికి అడ్డువస్తున్నామన్న బెరుకు మాకు ఎక్కడా కలగలేదు. అబ్బాయి తన ఈడు పిల్లలతో ఆ వాలు మీద దొర్లుతూ ఆడుకున్నాడు. ఈ పోటీల ఫలితాలు సీజన్ పట్టికలోకి చేరవు కాబట్టి పేరున్న ఆటగాళ్ళు ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో కొన్ని ఆడి మైదానం విడిచిపెడతారు, గోడ దగ్గర నిలబడ్డ పిల్లల బంతుల మీద సంతకాలు పెట్టే ఓపిక కూడా వారికి ఇక్కడే ఎక్కువ. ఉదయం వేళ ప్రధాన మైదానం వెనుక ఉన్న సాధన మైదానాల కంచె పక్కన నిలబడితే, బంతి బ్యాటుకు తగిలే చప్పుడు పదడుగుల దూరం నుంచి వినవచ్చు. మావాడికి మ్యాచ్ కంటే అదే ఎక్కువ నచ్చింది.

ఎండ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. మార్చిలో గాలి చల్లగానే తోస్తుంది, కానీ ఆ మెట్ట మీద నీడ ఉండదు, ఆటలు చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మొదలవుతాయి. పాప కోసం మేము పైకప్పు కింద వచ్చే వరుసల్లో ఒక టికెట్టు, గడ్డి మీద మిగిలినవి తీసుకుని వంతులవారీగా మారాము. పైకప్పు నీడ ఎంతవరకు పడుతుందో టికెట్టు కొనేముందే విచారించి, మూడో బేస్ (బ్యాటర్ పరుగెత్తే నాలుగు మూలల్లో మూడోది) వైపు, పై వరుసల్లో తీసుకోవడం మేలు. ఇంకొక సంగతి నిద్రది. అరిజోనాలో గడియారాలను వేసవికి ముందుకు తిప్పరు కాబట్టి, మార్చి రెండో ఆదివారం దాటాక డాలస్‌కూ ఫీనిక్స్‌కూ రెండు గంటల తేడా వస్తుంది. మా పాప తెల్లవారకముందే లేచి కూర్చునేది, సాయంత్రం ఆరింటికే కళ్ళు మూతలు పడేవి. మధ్యాహ్నపు ఆట ఈ లెక్కకు చక్కగా కుదిరింది. రాత్రి పోటీలకు టికెట్లు కొనకపోవడం మంచిదైంది.

అదే ప్రాంతంలో మరో రెండు మైదానాలు కూడా చూశాము. స్కాట్స్‌డేల్ పక్కన, సాల్ట్ రివర్ పీమా–మారికోపా తెగవారి భూమిలో 2011లో తెరిచిన సాల్ట్ రివర్ ఫీల్డ్స్ చూడటానికి అన్నిటికంటే అందమైనది. నడక దారులు విశాలంగా ఉండి స్ట్రోలర్ తోసుకుంటూ మైదానమంతా చుట్టి రావచ్చు. టికెట్ల ధర మాత్రం ఎక్కువ. మేసాలో షికాగో కబ్స్ ఆడే స్లోన్ పార్క్‌లో దాదాపు 15,000 మంది పడతారు, తరచుగా నిండిపోతుంది కూడా. అక్కడి సందడి యువతకు బాగుంటుందేమో గానీ, చంకలో పాప, చేతిలో డైపర్ బ్యాగు ఉన్నవారికి ఆ క్యూలలో నిలబడటం కష్టం.

బస గురించి కొంచెం విపులంగా రాయాలి, ఎందుకంటే ప్రయాణం బాగున్నదీ లేనిదీ చిన్నపిల్లల విషయంలో అక్కడే తేలుతుంది. మార్చిలో ఫీనిక్స్ హోటళ్ళ ధరలు ఆకాశాన్ని అంటుతాయి. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న చాండ్లర్‌లో దిగితే మన సరుకుల దుకాణాలు, టిఫిన్లు దొరుకుతాయి, బంధువుల ఇళ్ళూ ఉంటాయి. అయితే సర్‌ప్రైజ్ మహానగరానికి అవతలి కొసన ఉంది కాబట్టి కారులో దాదాపు గంట పడుతుంది. మేము మొదటి రెండు రాత్రులు ఒక అద్దె ఇంట్లో ఉన్నాము. ఫొటోల్లో మెరిసిన ఆ ఇంటి వెనుక కంచె లేని ఈతకొలను ఉందన్న సంగతి యజమాని ప్రకటనలో ఎక్కడా చెప్పలేదు, అప్పుడే నడక నేర్చిన పిల్ల ఉన్న ఇంట్లో అది క్షమించరానిది. పిల్లలతో వెళ్ళేవారు కొలనుకు కంచె, గడియ ఉన్నాయా అని రాతపూర్వకంగా అడిగి తీరాలి. తరువాత మారిన బస మైదానానికి పది నిమిషాల దూరంలో ఉన్న, వంటగదితో కూడిన హోటల్ సూట్. గది చిన్నదే అయినా పొయ్యి, ఫ్రిజ్, కింద బట్టలుతికే యంత్రాలు ఉన్నాయి. మేము వెంట తీసుకెళ్ళిన చిన్న రైస్ కుక్కర్‌లో ఉదయమే అన్నం వండి, పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకోవడంతో పాప తిండికి ఇబ్బంది లేకపోయింది. కారు సీట్లు ఇంటి నుంచే తెచ్చుకున్నాము. విమాన సంస్థలు వాటికి, స్ట్రోలర్‌కు రుసుము తీసుకోవు. అద్దె కార్ల దగ్గర మాత్రం రోజుకింత అని వసూలు చేస్తారు, పైగా ఎలాంటిది ఇస్తారో భరోసా ఉండదు.

ఏప్రిల్ నుంచి రేంజర్స్ సొంత మైదానం ఉన్న ఆర్లింగ్టన్ వంతు వచ్చింది. 2020లో తెరిచిన గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు తెరిచి మూయగల పైకప్పు, లోపల చల్లదనం ఉన్నాయి. దీనికి ముందున్న మైదానం 1994లో కట్టినదే, శిథిలమైనదేమీ కాదు. టెక్సస్ వేసవిలో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండలో బయట కూర్చుని ఆట చూడటం జనానికి దుర్భరం కావడమే కొత్తది కట్టడానికి ముఖ్య కారణం. జూలై మధ్యాహ్నం మా మామగారు పలుచని శాలువా కప్పుకుని ఆట చూశారంటే ఆ చల్లదనం ఎంతో ఊహించవచ్చు. జీవితమంతా క్రికెట్ చూసిన ఆయనకు, బ్యాటర్ కొట్టిన బంతి గీత బయటికి పోతే పరుగు లేకపోవడం మొదట వింతగా తోచింది. నాలుగో ఇన్నింగ్స్‌కల్లా మనవడే ఆయనకు నియమాలు చెప్పసాగాడు.

చిన్నపిల్లలున్నవారు గమనించదగిన మార్పులు ఈ ఆటలో ఈమధ్య రెండు వచ్చాయి. మొదటిది సమయానికి సంబంధించినది. 2023 నుంచి పిచర్ బంతి వేయడానికి గడియారం పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలోపు వేయాలి. అంతకుముందు సగటున మూడు గంటలు దాటే ఆట ఆ ఏడాది సుమారు 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. ఈ ఇరవై పాతిక నిమిషాలు పెద్దవాళ్ళకు లెక్కలోకి రాకపోవచ్చు గానీ, ఆరేళ్ళ పిల్లవాడు ఏడుస్తూ ఇంటికి రావడానికీ, నవ్వుతూ రావడానికీ మధ్య ఉన్న తేడా అదే. రెండోది వల. 2019 మే నెలలో హ్యూస్టన్‌లో గీత బయటికి ఎగిరిన ఒక ఫౌల్ బంతి ప్రేక్షకుల్లో ఉన్న రెండేళ్ళ పాప తలకు తగిలి తీవ్ర గాయమైంది. ఆ తరువాత 2020 సీజన్‌కు 30 జట్లూ రక్షణ వలలను డగౌట్లు దాటి ఇంకా ముందుకు పొడిగించాయి. అయినా వల ఎక్కడ ముగుస్తుందో చూసుకోకుండా పిల్లలకు కింది వరుసల్లో సీట్లు తీసుకోవద్దని తల్లిదండ్రులందరినీ వేడుకుంటున్నాను. అక్కడికి బంతి వచ్చే వేగానికి పెద్దవాళ్ళు కూడా చేయి అడ్డుపెట్టలేరు.

ఆర్లింగ్టన్‌లో బయటి తిండి పారదర్శకమైన సంచిలో తెచ్చుకోనిస్తారు, డైపర్ బ్యాగును తనిఖీ చేసి పంపిస్తారు. పులిహోర, చపాతీలు పట్టుకెళ్ళడంతో లోపల నలుగురికి అయ్యే ఖర్చు బాగా తగ్గింది. పార్కింగ్ ఖరీదెక్కువ, రైలు స్టేడియం దాకా రాదు కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఆదివారం మధ్యాహ్నపు ఆటలే మాకు సరిపడ్డాయి.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది మాత్రం డాలస్ శివారులోని ఫ్రిస్కో. ఇక్కడి రఫ్‌రైడర్స్ రేంజర్స్‌కు అనుబంధమైన డబుల్-ఏ జట్టు, అంటే మేజర్ లీగ్‌కు రెండంచెల కింద ఉండే మైనర్ లీగ్ జట్టు. రైడర్స్ ఫీల్డ్‌లో పిచర్లు చేతులు కాచుకునే చోటు ప్రేక్షకుల వరుసల మధ్యలోనే ఉంటుంది. పిల్లలు రెయిలింగ్ పట్టుకుని నిలబడి, బంతి గ్లవ్‌లో పడే దెబ్బను అంత దగ్గర నుంచి చూసే అవకాశం పెద్ద మైదానాల్లో దొరకదు. ఔట్‌ఫీల్డ్ వెనుక 2016లో కట్టిన నీటి కాలువ ఉంది, ట్యూబుల మీద తేలుతూ ఆట చూడవచ్చు. దానికి విడిగా టికెట్టు కావాలి, రెండేళ్ళలోపు పిల్లలకు అది పనికిరాదు. టికెట్టు ధర చవక, కారు నుంచి సీటుకు నడక పది నిమిషాలకు మించదు, చుట్టూ మన తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. వారాంతాల్లో ఆట తరువాత తరచుగా బాణసంచా కాలుస్తారు; మా పాప ఆ శబ్దానికి బెదిరిపోవడంతో ఏడో ఇన్నింగ్స్ తరువాత బయలుదేరడం మాకు నియమమైంది. ఐదారు మైళ్ళ దూరంలో ఇల్లు ఉన్నప్పుడు అలా లేచి రావడానికి మనసు పీకదు.

ఆ చిన్న మైదానంలో నన్ను కదిలించినది ఆటగాళ్ళ కుటుంబాలు. మూడో బేస్ వెనుక వరుసల్లో చంటిబిడ్డలతో కూర్చునే అమ్మాయిలు ఉంటారు. వారి భర్తలు కింద ఆడుతుంటారు, వచ్చే వారం ఏ ఊళ్ళో ఉంటారో వారికే తెలియదు. 2022కు ముందు మైనర్ లీగ్ ఆటగాళ్ళు చాలామంది తమ ఇంటి అద్దె తామే చూసుకోవలసివచ్చేది. ఆ ఏడాది నుంచి జట్లే బస ఏర్పాటు చేస్తున్నాయి. 2023లో ఆటగాళ్ళ సంఘం కుదుర్చుకున్న తొలి ఒప్పందంతో డబుల్-ఏ ఆటగాడి కనీస వార్షిక వేతనం 13,800 డాలర్ల నుంచి 30,250కి పెరిగింది, భార్యాపిల్లలు ఉన్నవారి బసను ప్రత్యేకంగా పరిశీలించాలన్న నియమమూ వచ్చింది. మేజర్ లీగ్‌లో సైతం బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి సెలవిచ్చే పద్ధతి వచ్చినది 2011లోనే; ఎక్కువలో ఎక్కువ మూడు రోజులు. దాన్ని మొదట వాడుకున్నవాడు రేంజర్స్ పిచర్ కోల్బీ లూయిస్. ఆ సెలవు తీసుకున్నందుకు అప్పట్లో ఒక విలేఖరి అతన్ని తప్పుపట్టాడు. బిడ్డ పుట్టిన రోజున తండ్రి పక్కన ఉండడాన్ని తప్పుగా చూడటం నాకు నేటికీ బాధ కలిగిస్తుంది.

హ్యూస్టన్ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నాలుగు గంటల దారి, పియర్‌లాండ్ మీనాక్షి అమ్మవారి గుడి దర్శనంతో కలిపి పెట్టుకుంటే పెద్దవాళ్ళకూ తృప్తి. 2025లో డైకిన్ పార్క్‌గా పేరు మారిన అక్కడి మైదానానికీ పైకప్పు ఉంది. బంతిని ఔట్‌ఫీల్డ్ గోడ దాటించి హోమ్ రన్ కొట్టినప్పుడు గోడ మీద పట్టాలపై కదిలే రైలుబండి కోసమే మా అబ్బాయి ఆట మొత్తం కూర్చున్నాడు.

జూలైలో కాన్సస్ సిటీకి కారులోనే వెళ్ళాము. ఎనిమిది గంటల పైచిలుకు ప్రయాణం, మధ్యలో ఓక్లహోమాలో ఒక రాత్రి ఆగాము. 1973లో తెరిచిన కాఫ్మన్ స్టేడియంలో ఔట్‌ఫీల్డ్ వెనుక నీటి ఫౌంటెన్లు, వాటి వెనుక పిల్లల ప్రాంగణం ఉన్నాయి: రంగులరాట్నం, చిన్న గోల్ఫ్ ఆట, బుడతలు బ్యాటు పట్టి పరుగెత్తే బుల్లి మైదానం. పిల్లల కోసం ఇంత ఆలోచించి కట్టిన చోటును నేను ఇంకెక్కడా చూడలేదు. పైకప్పు లేదు కాబట్టి జూలై పగటి ఆటకు వెళ్ళకూడదు. సాయంత్రం ఆటకు తలుపులు తెరవగానే వెళ్ళి, ఎండ దిగేదాకా ప్రాంగణంలో గడిపి, తరువాత సీట్లకు చేరడం పద్ధతి. స్టేడియం చుట్టూ ఉన్నవి హైవేలే, నడిచి వెళ్ళగల బసలు దాదాపు లేవు. మేము ఇరవై నిమిషాల దూరంలోని ఓవర్‌లాండ్ పార్క్‌లో దిగాము. మన సరుకులు దొరికాయి, హోటల్‌వారు అడగకముందే పాపకు మడత ఊయల మంచం తెచ్చి వేశారు, ఉదయం ఫలహారంలో అత్తగారికి మాంసం తగలని పదార్థాలు ఏవో వంటవాడు వచ్చి చూపించాడు. ఈ సీజన్ మొత్తంలో మేము సంతోషంగా డబ్బు చెల్లించిన బస అదే.

ఆగస్టు నడిమికి టెక్సస్‌లో బడులు తెరిచారు, సాయంత్రం ఏడింటికి మొదలయ్యే పనిదినాల ఆటలు మాకు మూసుకుపోయాయి. ఫ్రిస్కో సీజన్ సెప్టెంబరు మధ్యలో ముగుస్తుంది కనుక మిగిలిన శనివారాలకు మెట్ట మీద టికెట్లు తీసుకున్నాము. అత్తగారు, మామగారి తిరుగు ప్రయాణం అక్టోబరులో. వచ్చే మార్చిలో సర్‌ప్రైజ్‌కు, పైకప్పు కింద మూడో బేస్ వైపు పై వరుసల్లోనే టికెట్లు కొనాలని మావారు నిశ్చయించుకున్నారు, వంటగది ఉన్న ఆ సూట్‌నే జనవరిలో పట్టిపెట్టాలని నేను అనుకుంటున్నాను.