బ్రేక్ బ్యారెల్ ఎయిర్ రైఫిల్: ఆరేళ్ల వాడకంలో గురి ఎక్కడెక్కడ తప్పిందంటే

ఆరేళ్లు, సుమారు పదిహేను వేల గుండ్లు. 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వ్యాసం), స్ప్రింగు పిస్టన్‌ను తోస్తే ఆ గాలి ఒత్తిడికి గుండు వెళ్లేది, బ్యారెల్ (గొట్టం) కీలు దగ్గర కిందికి విరిచి ఒక్కో గుండూ పెట్టుకునే రకం. మన దేశంలోనే తయారైంది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ అచ్చులో ఎవరు చేసినా జబ్బులు అవే. కొత్తలో 10 మీటర్ల దూరంలో ఐదు గుండ్లు వేస్తే 30 మి.మీ. మేర చెదిరేవి. ఎయిర్ రైఫిల్ టార్గెట్ కార్డులో నల్ల వృత్తం వ్యాసం 30.5 మి.మీ., అంటే నలుపంతా చిల్లులే. ఇప్పుడు అవే ఐదు 9 మి.మీ. లోపల పడుతున్నాయి. బ్యారెల్ మారలేదు, స్ప్రింగూ మారలేదు. ఈ రకం తుపాకి గురి తప్పితే అందరూ మొదట బ్యారెల్‌ను తిడతారు. దాని వంతు రావాల్సింది చివర్లో.

ముందు స్క్రూలు. స్టాక్ (తుపాకి చెక్క భాగం) ముందు వైపు అటొకటి ఇటొకటి, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో ఉంటాయి. స్ప్రింగు రైఫిల్ ఒక్క దెబ్బకు వెనక్కీ ముందుకీ రెండు కుదుపులు కుదుపుతుంది. రెండు వందల గుండ్లు దాటేసరికి ముందు స్క్రూలు వదులవుతాయి. అనంతపురం ఎండలకు చెక్క ఎండి కుంచించుకుపోతే ఇంకా తొందరగా. బిగించి సరిపెట్టుకోవద్దు. విప్పి, మరల మీద నూనె తుడిచి, మరలు వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు లాక్‌టైట్, ఒక్క చుక్క వేసి, కింద పళ్ల వాషర్ పెట్టి బిగించి ఒక రాత్రి వదిలేయాలి. ఎర్ర రంగుది వాడితే తర్వాత వేడి చేస్తే గానీ ఊడదు. ఈ ఒక్క పనితో 30 కాస్తా 20 మి.మీ. అయింది.

రెండోది బ్యారెల్ కీలు. ఈ అచ్చుకు అసలు బలహీనత ఇక్కడే. బ్యారెల్ మూసి, కొస పట్టుకుని అటూ ఇటూ అల్లాడించి చూడండి. వెంట్రుకవాసి కదిలినా గుండ్లు అడ్డంగా బారు తీరుతాయి. పైకీ కిందికీ కదిలితే నిలువు బారు. కీలు బోల్టు ఎంత బిగువుండాలో తెలియాలంటే రైఫిల్‌ను కాక్ చేసి (బ్యారెల్ పూర్తిగా విరిచి స్ప్రింగును బిగించి), సేఫ్టీ వేసి, బ్యారెల్‌ను చేత్తో పట్టుకునే మెల్లగా సగం దాకా మూసి చూడాలి. ఎక్కడ ఆపితే అక్కడ నిలవాలి. తన బరువుకు తానే జారిపోతే వదులు. తోస్తే గానీ కదలనంటే బిగువెక్కువ, అప్పుడు ప్రతిసారీ ఒకే చోట మూసుకోదు. బోల్టు తల పక్కన చిన్న లాక్ స్క్రూ ఉంటుంది, ముందు దాన్ని తీసి, బోల్టును ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే తిప్పి మళ్లీ చూడాలి. పరీక్ష అయ్యాక ఖాళీగా కాల్చేయొద్దు. ఎదురుగా గుండు లేకపోతే పిస్టన్ గాలి మెత్త లేకుండా నేరుగా వెళ్లి కొట్టుకుంటుంది, సీలూ స్ప్రింగూ దెబ్బతింటాయి. గుండు పెట్టి టార్గెట్ మీదకే కాల్చి దింపాలి.

మూసినప్పుడు బ్యారెల్‌ను పట్టి ఉంచే గొళ్లేనికి ఎర్రమట్టి దుమ్ము, పాత గ్రీజు అంటుకుని గట్టి పొరలా పేరుకుంటాయి. పాత టూత్ బ్రష్షుతో గీకి తీస్తే నిలువు బారు సగం తగ్గింది.

మూడోది బ్రీచ్ సీలు, అంటే బ్యారెల్ వెనక కొసన గాలి కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు. బ్యారెల్ వెనక కొస తుపాకి ఒంటిని కలిసే చోట పైన పలచటి టిష్యూ కాగితం పేలిక పెట్టి, తుపాకిని ఎప్పటిలా టార్గెట్ వైపే పెట్టి కాల్చండి. పేలిక ఎగిరిందంటే గాలి అక్కడ కారుతోంది. ఎంత కారుతుందో గుండుకూ గుండుకూ మారుతుంది, దాంతో వేగం మారి, గుండు ఒకసారి పైన ఒకసారి కింద పడుతుంది. ఓ-రింగు కోసం కంపెనీకి రాయనక్కర్లేదు. పాతదాన్ని తీసుకెళ్తే మోటారు రిపేరు షాపులోనే సరిపోయేది దొరుకుతుంది. గాడిలో కూర్చున్నాక లోహం కంటే 0.2 నుంచి 0.3 మి.మీ. పైకి ఉబ్బి ఉండాలి. ఎక్కువ ఉబ్బితే బ్యారెల్ పూర్తిగా మూసుకోక, కీలు జబ్బు మళ్లీ మొదటికొస్తుంది. ఇక్కడి దుమ్ములో ఏడాదికొకటి మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు గుండ్లు. అట్టపెట్టెలో వదులుగా పోసి అమ్మేవాటిలో పదిట్లో రెండో మూడో వెనక అంచు నొక్కుకుపోయి ఉంటాయి. గాలిని పట్టేది, బ్యారెల్ లోపలి మెలి గాడులను కరిచేది ఆ అంచే. అద్దం పలక మీద దొర్లిస్తే నొక్కుపడ్డవి తడబడతాయి, పక్కన పడేయండి. 0.53 గ్రాముల చదును తల గుండు ఈ రైఫిల్‌కు నప్పింది. మొన తేలినవి అన్నిటికంటే నాసిరకంగా పడ్డాయి. మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో చెప్పలేం. నాలుగు రకాలు తెచ్చి ఒక్కో దానితో పదేసి వేసి చూసుకోవాలి. రకం మార్చినప్పుడల్లా మొదటి పదిహేను ఇరవై లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ లోపలి సీసపు పొర కొత్త గుండుకు కుదురుకోవాలి.

పట్టు గురించి కొంచెం ఎక్కువే రాయాలి. కడప బండ బల్ల మీద రైఫిల్ ఆనించి కాలిస్తే గట్టిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. స్ప్రింగు రైఫిల్ విషయంలో అది తిరగబడుతుంది. గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే పిస్టన్ కుదుపు మొదలవుతుంది. బండ మీద ఆనిన స్టాక్ ఎగిరిపడుతుంది, ఎగిరే తీరు ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఇసుక మూట పెట్టినా అంతే. చెనిక్కాయ పొట్టు నింపిన గుడ్డ సంచి మీద ఎడమ అరచేయి తెరిచి పెట్టి, ఆ చేతి మీద రైఫిల్‌ను ఊరికే నిలిపి, భుజానికి నొక్కకుండా ఆనించి కాలిస్తే, బండ మీద 22 మి.మీ. పడింది ఇక్కడ 12 అయింది. అరచేయి ట్రిగ్గర్ గార్డుకు ఎంత దూరంలో ఉందో స్టాక్ మీద చాక్‌పీసుతో గీత గీసుకోండి. రెండు వేళ్లు ముందుకు జరిగినా గుండు పడే చోటు మారుతుంది. గుండు వెళ్లాక కూడా ఒక క్షణం కన్ను టార్గెట్ మీదే ఉండాలి.

స్కోపును (గురి చూసే దుర్భిణిని) అనుమానిస్తే ముందు దాన్ని తీసేసి, తుపాకికి ఉన్న మామూలు సైట్లతో ఇరవై గుండ్లు వేయండి. అవి బాగా పడితే తప్పు స్కోపుదే. రెండు వైపుల కుదుపుకు మౌంటు (స్కోపును తుపాకికి బిగించే పట్టీ) మెల్లగా వెనక్కి జారుతుంది. వెనక ఆపే పిన్ను ఉన్న మౌంటు తీసుకుని, మౌంటు కూర్చునే పట్టా మీద పెన్సిల్ గీత పెట్టుకుంటే జారిందో లేదో తెలిసిపోతుంది. విరిచే బ్యారెల్ కొస కాస్త కిందికి వాలి ఉంటుంది, దాన్ని సరిచేయడానికి స్కోపు మీద ఎత్తు సర్దే మరను చివరిదాకా తిప్పేస్తారు. చివరికొచ్చాక లోపలి గొట్టానికి స్ప్రింగు ఆసరా తగ్గి అది తేలుతూ ఉంటుంది, గుండు ఎక్కడ పడుతుందో చెప్పలేం. మౌంటు వెనక భాగం కింద పలచటి రేకు పెట్టి మరను మధ్యకు తెచ్చుకోవాలి. 100 గజాలకు సర్దిన స్కోపును 10 మీటర్లకు వాడితే కన్ను జరిగినప్పుడల్లా గురి జరుగుతుంది, ముందు కటకం తిప్పి దూరం సర్దుకునేదే కొనండి.

కాల్చాక పొగ, పిడుగులాంటి చప్పుడు వస్తే లోపల నూనె మండుతోంది. మే నెలలో రేకుల గదిలో ఉంచితే గ్రీజు కరిగి పిస్టన్ గాలిని నొక్కే గొట్టంలోకి కారి ఇదే జరుగుతుంది. గాలి రంధ్రంలోకి కుట్టు మిషను నూనె పోసే అలవాటు మానాలి. ఆషాఢపు గాలిలో మాత్రం తుపాకిని విప్పి వెతక్కండి. రామగిరి గాలిమరలు తిప్పే ఆ గాలి 10 మీటర్లలోనే గుండును కొన్ని మిల్లీమీటర్లు పక్కకు నెడుతుంది. పొద్దున్నే, గాలి లేవకముందే వేసి చూడండి.

ఇవన్నీ అయ్యాక బ్యారెల్. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను మూతి అంచు చుట్టూ తిప్పితే ఎక్కడైనా దూది తగులుకుందంటే అక్కడ నొక్కు ఉంది. దాన్ని లేతు పనివాడికి అప్పజెప్పండి. లోపల శుభ్రం చేయడానికి నైలాన్ తాడుకు గుడ్డముక్క కట్టి గుండు వెళ్లే దిక్కులోనే లాగితే చాలు, ఇత్తడి బ్రష్షు వద్దు.

బలమైన స్ప్రింగు వేస్తే గురి కుదురుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. కుదుపు పెరిగి ఇంకా చెడుతుంది. పైగా 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేనిది 0.177 బోరు, గుండు శక్తి 20 జూళ్ల లోపు వరకే.

ట్రిగ్గర్ మాత్రం ఇప్పటికీ బరువే, గరుకే. దానికున్న సర్దుబాటు స్క్రూతో సగం వరకు తేలికైంది. మిగతా సగం కోసం పిస్టన్‌ను పట్టి ఉంచే లోపలి కొక్కేన్ని ఆకురాయితో రుద్దకండి. అరిగిన కొక్కెం బ్యారెల్ తెరిచి ఉండగా జారితే బ్యారెల్ ఎగిరొచ్చి మూసుకుంటుంది, గుండు పెడుతున్న బొటనవేలు అప్పుడు అక్కడే ఉంటుంది.